పిల్లి ఇన్సులిన్‌కి ఐసు ఎందుకు?

"ఎంత చల్లగా ఉంటే అంత మంచిదండీ" అంటూ మొన్న మందుల షాపులో కుర్రాడు పిల్లికి కొన్న ఇన్సులిన్ సీసాని నేరుగా ఐసు ముక్కల మీద పెట్టి కవరు ముడేశాడు. ఒళ్లు మండింది. ఆ కుర్రాడొక్కడే అంటే ఊరుకుందును, షుగరున్న పిల్లిని సాకే ప్రతి ఇంట్లోనూ ఇదే మాట!

ఇన్సులిన్ ప్రోటీన్. గడ్డకట్టిందా, ఇక దాన్ని నమ్మడానికి లేదు. కరిగాక చూస్తే మామూలుగానే కనబడొచ్చు, అసలు మోసం అక్కడే. తెరవని సీసాకి కావలసింది 2 నుంచి 8 డిగ్రీలు, అంతే. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఫ్రీజర్ కింద, వెనక గోడకి ఆనించిన గిన్నెలో పెరుగు అంచుకి ఐసు పడుతుందని అందరికీ తెలుసు. అయినా మందు తీసుకెళ్లి అక్కడే పెడతారు.

అలా పాడైన మందు ఎక్కించాక పిల్లి నీళ్లు తాగుతూనే ఉంటుంది. ఇసుక ట్రే తడిసి ముద్దవుతుంది. వెనక కాళ్ల మడమలు నేలకి ఆనించి నడుస్తుంది. డోసు చాలట్లేదని పెంచుతారు. ఆపైన కొత్త సీసా వస్తుంది, అది మంచిది. పెంచిన డోసే ఎక్కిస్తారు. షుగర్ ఒక్కసారిగా పడిపోయి మూర్ఛ. నింద మాత్రం పిల్లి జబ్బు మీద!

పైగా పిల్లికి పూటకి పట్టేది ఒకటో రెండో యూనిట్లు. గ్లార్జిన్ అనే ఇన్సులిన్ 10 మి.లీ. సీసాలో 1000 యూనిట్లుంటాయి. మనిషి వారాల్లో వాడేసే సీసా పిల్లి ఇంట్లో నెలలు పడుంటుంది. తెరిచాక 28 రోజులే అంటుంది లేబుల్. ఫ్రిజ్‌లో తేటగా ఉన్నంతకాలం వాడొచ్చంటారు చాలామంది పశువైద్యులు. ఆ వెసులుబాటంతా నిలవ మీదే ఆధారపడింది. పిల్లికేగా అనేవాళ్లతో నాకు మాటల్లేవు.

ఇంట్లో నిలవ సంగతి సరే, రాత్రి షట్టర్ దించేటప్పుడు మెయిన్ స్విచ్ కట్టేసి పోయే షాపుల సంగతి ఎవరు అడుగుతారు? మే నెల విజయవాడలో తెల్లారేసరికి ఆ ఫ్రిజ్‌లో మందు ఏమై ఉంటుంది? అడిగితే మనమీదే కసురుకుంటారు.

అలాగని వేడికి భయపడి, కరెంటు పోగానే సీసాని ఐసులో పూడ్చేవాళ్లు ఇది వినాలి. కెన్యాలో దాదాబ్ శరణార్థి శిబిరపు ఇళ్ల వేడిలో, అంటే 25 నుంచి 37 డిగ్రీల మధ్య, హ్యూమన్ ఇన్సులిన్ నాలుగు వారాలు చెడలేదని డాక్టర్స్ వితౌట్ బార్డర్స్, జెనీవా విశ్వవిద్యాలయం 2021లో ప్రకటించాయి. ఎండలో పడేయమని కాదు, ఐసుకి అంత తొందరపడొద్దని.

ఫ్రిజ్ మధ్య అరలో ఓ డబ్బా, పక్కన చిన్న థర్మామీటర్ పెట్టండి. కరెంటు పోతే తలుపు తెరవకండి. మందు గడ్డకట్టిందన్న అనుమానం వచ్చినా సీసా పారేయండి, ఖరీదు చూడకండి.