తలుపుకి అవతలివాళ్లం

సి.ఎస్. లూయిస్ నార్నియా నవలల్లో అందరికీ తెలిసింది మొదట వచ్చిన 1950 నాటి పుస్తకమే. నలుగురు పిల్లలు బట్టల బీరువాలో దూరి మంచులోకంలోకి వెళ్తారు, అక్కడ రాజులూ రాణులూ అవుతారు. నాకు మాత్రం మరుసటి ఏడాది వచ్చిన ‘ప్రిన్స్ కాస్పియన్’ ఇంకా గొప్పది. అరకు దగ్గర ఆశ్రమ పాఠశాలలో తెలుగు చెప్పే టీచర్ని నేను. అంతకుముందు అలాంటి హాస్టల్లోనే పెరిగిన కోందు పిల్లని. ఆ పుస్తకం మా గురించే రాశారేమోనని చాలాసార్లు అనిపించింది.

కథ రైల్వే స్టేషన్లో మొదలవుతుంది. సెలవులైపోయాయి. నలుగురు అన్నచెల్లెళ్లూ పెట్టెలు పక్కన పెట్టుకుని హాస్టల్ బడులకు తీసుకెళ్లే రైళ్ల కోసం చూస్తుంటారు. ఆడపిల్లల బండి వేరు, మగపిల్లల బండి వేరు. ఇంకాసేపట్లో విడిపోవాలి. అప్పుడే నార్నియా వాళ్లని లాక్కుంటుంది.

జూన్‌లో మా బడి గేటు దగ్గరికి రండి. కొత్తగా చేరే పిల్ల చేతిలో రేకు ట్రంకు పెట్టె ఉంటుంది. మూత మీద ఆయిల్ పెయింటుతో పేరు, తాళంచెవి మెడలో నల్లదారానికి. ముక్కుకి మూడు పోగులున్న అవ్వ గేటు దాకా వస్తుంది. పిల్ల లోపలికి వెళ్లిపోయాక కూడా ఆమె లేవదు. బస్సు వేళ దాటిపోతుందని కొడుకు తొందరపెట్టే దాకా గోడవార కూర్చునే ఉంటుంది. లోపల పిల్లకి వార్డెన్ మాట అర్థం కాదు, టీచర్ మాట అర్థం కాదు. కొందరు దసరా దాకా నోరు విప్పరు. వేరే లోకంలో పడటమంటే ఏమిటో మా పిల్లలకి నవలలు నేర్పక్కర్లేదు.

లూయిస్ తన పిల్లలకి ఒక వరం ఇచ్చాడు. నార్నియాలో ఎన్నేళ్లు గడిపినా ఇంగ్లండ్‌లో నిమిషం కూడా గడవదు. వెళ్లినచోటికే, వెళ్లిన క్షణానికే తిరిగొస్తారు. మా పిల్లలకి ఆ వరం లేదు. సంక్రాంతికి ఇంటికెళ్లిన పిల్ల మా కోందుల భాష కువిలో మొదలుపెట్టిన మాటని తెలుగులో ముగిస్తుంది. అవ్వ తల ఊపి ఊరుకుంటుంది.

ఈసారి నలుగురూ వెళ్లేసరికి నార్నియాలో 1,300 ఏళ్లు గడిచిపోయాయి. వాళ్ల కోట శిథిలమైంది. టెల్మార్ నుంచి వచ్చినవాళ్లు దేశాన్ని ఆక్రమించారు. మాట్లాడే జంతువులు, మరుగుజ్జులు అడవుల్లో దాక్కుని బతుకుతున్నారు. అసలు అలాంటివాళ్లు ఎప్పుడూ లేరని రాజు మిరాజ్ ఆజ్ఞ. అతని అన్న కొడుకు కాస్పియన్‌కి పాత నార్నియా కథలు చెప్పేది దాది ఒక్కతే. ఆ సంగతి పిల్లవాడి నోటివెంట బయటపడగానే ఆమెని కోటలోంచి పంపించేస్తారు. కడసారి చూసుకోవడానికి కూడా వాళ్లిద్దరికీ వీలుండదు. నవలలో ఇది కొద్ది పేజీల్లో అయిపోతుంది. నేను మాత్రం ఎప్పుడు చదివినా అక్కడే ఆగిపోతాను.

మా అవ్వ అడ్డాకులు కుడుతూ చెప్పిన కథ ఒకటుంది. ఒక మనిషి పులిగా మారి అడవిలోకి వెళ్తాడు, తిరిగి మనిషయ్యే దారి మరిచిపోతాడు. పెళ్లాం గుమ్మంలో నిలబడి పిలుస్తూనే ఉంటుంది. నేను చదివిన బడిలో ఆ కథ చెప్పమని ఎవరూ అడగలేదు. కువిలో మాట్లాడితే బెంచీ ఎక్కించారు. అవ్వ చెప్పింది కూడా సాహిత్యమేనని నాకు తెలిసేసరికి ఆమె లేదు.

దాది స్థానంలో వచ్చే గురువు పేరు కార్నీలియస్. ఆయనలో సగం మరుగుజ్జుల రక్తం. ఆ సంగతి దాచుకుని రాజుగారి కొలువులో ఉద్యోగం చేస్తూ, రాత్రిపూట గోపురం మీదికి తీసుకెళ్లి పిల్లవాడికి నిజం చెప్తాడు. సిలబస్ ముగించి, తలుపు దగ్గరగా వేసి, పిల్లలతో కువిలో మాట్లాడే ప్రతి ఆదివాసీ టీచరుకీ ఆయన తెలుసు.

ఇంత ప్రేమించిన పుస్తకంతోనూ నాకొక పెద్ద పేచీ ఉంది. దాన్ని తేల్చింది ఏడో తరగతి పిల్ల. రాత్రి స్టడీ అవర్లో కథని తెలుగు చేసి చెప్తుంటే, “మేడం, మరి ఆ అడవోళ్లలో ఒక్కరు కూడా రాజవ్వరా?” అంది. అవ్వరు. నార్నియా సింహాసనాలు మనుషుల కోసమే ఉంటాయి. అది మనుషుల దేశం కాకపోయినా ఏలవలసింది మనిషేనని లూయిస్ అడవి జంతువు చేతే చెప్పిస్తాడు. చివరికి గద్దెనెక్కేది టెల్మార్ రక్తం ఉన్న కాస్పియనే. మంచివాడే కావచ్చు. కానీ పిల్ల అడిగింది మంచీచెడూ కాదు.

మా అరకుకీ బయటివాళ్లు వస్తుంటారు. విశాఖ నుంచి వచ్చే రైలు సొరంగం తర్వాత సొరంగం దాటుతుంది. కొత్తవలస–కిరండూల్ లైనులో మొత్తం 58 ఉన్నాయంటారు. విస్టాడోమ్ అద్దాల్లోంచి చూసేవాళ్లకి ఒక్కో చీకటి తర్వాత ఒక్కో లోయ. దిగగానే “వేరే లోకానికి వచ్చినట్టుంది” అంటారు. రావద్దని నేననను. కాఫీ తాగండి, బొంగు చికెన్ తినండి. అయితే ఆ దారి 1960లలో వేసింది లోయ అందం చూపించడానికి కాదు, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని ఓడల దాకా చేర్చి జపాన్‌కి పంపడానికి. బొర్రా చుట్టుపక్కల నేలలో కాల్సైట్ ఉందని తెలిసినప్పుడు లీజుదారులూ వచ్చారు. షెడ్యూల్డ్ ప్రాంత భూమిని ఆదివాసేతరులకు లీజుకివ్వడం చెల్లదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పాల్సివచ్చింది.

మన కిష్కింధకాండలో నార్నియా కంటే మర్యాదైన కథ ఉంది. ఆకలిదప్పులతో వానరులు ఒక బిలంలో దూరతారు. లోపల బంగారు చెట్లు, మేడలు, తపస్సు చేసుకుంటున్న స్వయంప్రభ. హనుమంతుడు చేతులు జోడించి మొదట అడిగేది, అమ్మా నువ్వెవరు, ఈ చోటు ఎవరిది అని. ఆమె చెప్తుంది. వాళ్లు విని, పెట్టింది తిని, ఆమె సాయంతోనే బయటపడతారు. అక్కడెవరూ పట్టాభిషేకం చేసుకోలేదు. అవతలి లోకం కథలు రాసే తెలుగు రచయితలు పట్టుకోవలసిన దారి ఇది.

గిడుగు రామమూర్తి గారు అలాగే సవరల మధ్యకి వెళ్లి వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి వాళ్ల మాటల్లోనే పుస్తకాలు రాశారు. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసి తెలుగు గురించే మాట్లాడుకుంటాం. సవర గిడుగుని తలచుకునేవాళ్లు తక్కువ. కువి, ఆదివాసీ ఒడియా లాంటి భాషల్లో చిన్న తరగతులకి వాచకాలు వేసిన మంచి పని మన ప్రభుత్వమే చేసింది. అది చిన్న తరగతులతోనే ఆగిపోయింది. వాచకం దాటి చదువుకోవడానికి కథల పుస్తకం లేదు.

నవల చివర్లో కాస్పియన్ దాది మళ్లీ దొరుకుతుంది, ఒక గుడిసెలో మంచం పట్టి, చావుకి దగ్గరై. మా దాదులు ఇంకా నడుస్తున్నారు, సంతకొస్తున్నారు, మనవరాళ్ల ట్రంకు పెట్టెలు మోస్తున్నారు. పాడేరు ఐటీడీఏ అధికారులకి నా విన్నపం ఒక్కటే. ప్రతి ఆశ్రమ పాఠశాలలో వారానికి ఒక పీరియడ్ వాళ్లకివ్వండి. ఆ రోజు కూలి లెక్కగట్టి చేతికివ్వండి. వాళ్లు చెప్పింది పిల్లల చేత తెలుగు లిపిలో రాయించి, ఊరి పేరూ చెప్పినవాళ్ల పేరూ వేసి అచ్చు వేయించండి. లైబ్రరీ బీరువాలో నార్నియా పక్కనే దానికీ చోటివ్వండి. వచ్చే జూన్‌లో బడి తెరిచేనాటికి మొదలుపెట్టండి.