కండువా చూసి ఓటేసే అన్నలకు

అన్నలారా, మన జిల్లాలోని కొల్లాపూర్‌నే చూడుండ్రి. 2018లో కాంగ్రెస్ నుంచి బీరం హర్షవర్ధన్ రెడ్డి, టీఆర్ఎస్ నుంచి జూపల్లి కృష్ణారావు. బీరం గెలిచిండు, 2019లో టీఆర్ఎస్‌కే పోయిండు. 2023లో మళ్లా వాళ్లిద్దరే, కండువాలు అటిటు. కాంగ్రెస్‌లోకి వచ్చిన జూపల్లి గెలిచి మంత్రి అయిండు.

రెండుసార్లూ చెయ్యి గుర్తుకే గుద్దినోడు మొదట జూపల్లిని ఓడించిండు, తర్వాత ఆయన్నే గెలిపించిండు. కారు గుర్తోళ్లదీ గదే కథ. మరి మనిషిని చూసిందెప్పుడు? వాళ్లు కండువా మార్చిన్రు, మనం పక్క చేను రైతుతోని మాటలు బంద్ పెట్టుకున్నం.

ఎద్దును కొనేముందు పండ్లు చూస్తం, నడిపించి చూస్తం. అభ్యర్థి అఫిడవిట్‌ల కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అన్నీ ఉంటయి, ఫోన్‌లనే దొరుకుతది. నేనూ మొన్నటిదాకా తెరవలేదు, ఒప్పుకుంటున్న.

నన్ను తిట్టేటోళ్లు తిట్టుండ్రి. కాకపోతే మీవోడి అఫిడవిట్ చదివినంక తిట్టుండ్రి.