నగలే మన తారీఖా?



నిజాం జమానా ఫొటోలంటూ రోజుకొకటి ఫోన్‌కు వస్తుంది. మహల్, అంబారీ, ముత్యాల హారాలు, షేర్వానీల్లో నవాబులు. కింద "మన షాన్ చూడండి" అని ఒక మాట. మాషా అల్లాహ్ అని పది మందికి పంపిస్తాం. నేనూ పంపాను. ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఆ షాన్ ఎవరిది? ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ముసవ్విర్ రాజా దీన్‌దయాళ్ తీసిన తస్వీర్లు లాజవాబ్, కాదనను. కానీ అందులో మా దాదా లాంటివాళ్లను వెతకండి. దొరకడం కష్టం.

మా దాదా ఆజంజాహి మిల్లు మజ్దూర్. 1934లో, ఏడో నిజాం హయాంలో వరంగల్‌లో మొదలైన బట్టల మిల్లు అది. దానికి నిజాం పెద్ద కొడుకు ఆజం జా పేరు పెట్టారు. పేరు షెహజాదాది, చెమట మజ్దూర్‌ది.

"నిజాం కార్ఖానాలు పెట్టలేదా భాయ్?" అంటారు. పెట్టారు. వరంగల్‌లో ఈ మిల్లు, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ. కానీ మగ్గం ఫర్మానాతో తిరగదు. షిఫ్టుకు వచ్చి నిలబడే మనిషి కావాలి.

నిజాంను ఆకాశానికెత్తేవాళ్లు మనల్ని నవాబుల వారసులంటారు. తిట్టేవాళ్లూ అదే అంటారు. ఇద్దరి హిసాబులోనూ మజ్దూర్ లేడు. నగల ఫొటోలు పంచుతూ ఆ ఇల్జామ్‌ను మనమే ఖరారు చేస్తున్నాం. మెహనత్ చేసి బతికిన ఖాందాన్‌కు నవాబుల షాన్ అరువు తెచ్చుకునే గరజేముంది?

మా ఇంట్లో మిల్లు నాటి ఫొటో ఒక్కటే ఉంది. మూడు వరసల్లో మజ్దూర్లు. టోపీలు, తలపాగాలు కలిసే ఉన్నాయి. దాదా భుజం మీద చెయ్యేసి ఒకాయన నవ్వుతున్నారు. ఆయనెవరో అబ్బాకు తెలుసు. నేను అడగలేదు. అబ్బా ఇంతెఖాల్ అయ్యాక అడిగినా చెప్పేవాళ్లు లేరు. 2002లో మిల్లు మూతపడింది. అక్కడ పనిచేసినవాళ్లూ ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

ఈ జుమా నమాజు తర్వాత ఇంట్లో పాత పెట్టె తెరవండి. బుజుర్గుల పక్కన కూర్చుని ఒక్కో ముఖం చూపించి అడగండి: ఎవరు, ఏ ఊరు, ఏం పని చేసేవారు? ఫొటో వెనక మెత్తటి పెన్సిల్‌తో రాయండి, ఇంకు ముందువైపుకు దిగుతుంది. తర్వాత పిల్లలకు పంపండి.

మాషా అల్లాహ్ ఆ ముఖాలను చూసి అందాం.