బండి కింద నల్ల మచ్చ

పాత బండి ఉన్న ఇంటి వాకిట్లో ముగ్గు పక్కన ఓ నల్ల మచ్చ కూడా ఉంటుంది. 'పాతది కదా, ఆమాత్రం కారుతుందిలే' అని సర్దిచెప్పుకుంటాం. అలా వదిలేస్తేనే అసలు చిక్కు!

లెక్క చూడండి. 1994లో వచ్చిన హీరో హోండా స్ప్లెండర్ లాంటి వంద సీసీ బండిలో పట్టేదే సుమారు లీటరు ఆయిల్. పావు లీటరు కారిందంటే నాలుగో వంతు పోయినట్టే. ఆయిల్ చాలక ఇంజిన్ పట్టేస్తే ఖర్చు వందల్లో ఆగదు. కారింది వెనక టైరుకు అంటితే మలుపులో బండి జారుతుంది. వెనక సీట్లో కూర్చునేది మనవాళ్లేగా!

లారీల ఊరు సాలూరు దాటి ఒడిశా వైపు ఘాట్ ఎక్కేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. చిన్న గేర్లో ఎక్కుతుంటే ఇంజిన్ బాగా కాగుతుంది, ఆయిల్ పలచబడుతుంది. శ్రీకాకుళం, విజయనగరం వీధుల్లో చుక్కగా ఉన్న లీకు అక్కడ ధార కావచ్చు.

మరి ఏం చేయాలి? 'ప్యాకింగులన్నీ మార్చేద్దాం' అనే ముందు ఆయిల్ ఎక్కణ్నుంచి వస్తోందో తేల్చాలి. చుక్క పడే చోటే లీకయ్యే చోటు అనుకోవద్దు. పైన కారిన ఆయిల్ గాలికి వెనక్కి పాకి, ఎక్కడో కింద బోల్టు దగ్గర చుక్క కడుతుంది. చల్లారిన ఇంజిన్‌ను డీజిల్, బ్రష్షుతో కడిగి పొడిగా తుడవండి. నిప్పుకు దూరంగా ఉండాలి, బ్రేకులకు డీజిల్ తగలకూడదు. ఆరాక అనుమానమున్న చోట ముఖానికి రాసుకునే పౌడరు పల్చగా చల్లండి. ఓ కిలోమీటరు తిప్పి తెచ్చి చూడండి. పౌడరు తడిసిన చోట్లలో అన్నిటికన్నా పైనున్నదే అసలు దొంగ!

డ్రెయిన్ బోల్టు దగ్గరైతే వాషరు మారిస్తే సరిపోవచ్చు. బలంగా బిగిస్తే ఆగుతుందనుకోవద్దు... అల్యూమినియం థ్రెడ్డు పోతుంది, చిన్న పని పెద్దదవుతుంది. ట్యాపెట్ మూతలైతే రబ్బరు రింగులు, సైడు కవరైతే ప్యాకింగు. పాత ప్యాకింగు పూర్తిగా తీసి శుభ్రం చేశాకే కొత్తది వేయించండి. గమ్ము ఎక్కువ పూస్తే లోపల ఊడి ఆయిల్ దారికి అడ్డుపడొచ్చు.

ఇవన్నీ మార్చినా కారుతోందా? బ్రీతరు గొట్టం చూడమనండి. ఇంజిన్ లోపలి ఒత్తిడి బయటికి పోయే దారి అది. మూసుకుపోతే ఆ ఒత్తిడి సందు దొరికిన చోటల్లా ఆయిల్‌ని తోసేస్తుంది. మట్టం దాటి పోసినా ఇదే తంతు.

'బుల్లెట్టంటే కారాల్సిందే' అనేవాళ్లూ ఉన్నారు. ఆ బండి పాత మోడళ్లలో ఇంజిన్, గేరుబాక్సు, క్లచ్ వేర్వేరు పెట్టెల్లో ఉంటాయి. అతుకులు ఎక్కువ కాబట్టి లీకులకూ అవకాశం ఎక్కువే. అంతేగానీ కారడం దాని జన్మహక్కు కాదు! మూడింటిలో ఏది కారుతోందో తేల్చుకుంటే సగం పని అయినట్టే.

బాగుచేయించేదాకా వారానికోసారి ఆయిల్ మట్టం చూసుకోండి. బాగుచేయించాక ఓ రాత్రి బండి కింద పాత పేపరు పరచండి. తెల్లారేసరికి అక్షరాలన్నీ శుభ్రంగా కనిపిస్తే... ఇక వాకిలి ముగ్గుదే!