తలనొప్పి తగ్గింది సరే, ఎముకల సంగతో?

మా ముదిగుబ్బ ఎండల్లో మిట్టమధ్యాహ్నం పార్శ్వపు తలనొప్పి లేస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు. తలకు గుడ్డ బిగించి, చీకట్లో పడుకోవడమే. 'తలనొప్పే కదా!' అంటారు ఇంట్లోవాళ్ళు. కానీ ఈ మైగ్రేన్ మగవాళ్ళకంటే మనకే సుమారు మూడింతలు ఎక్కువ.

నొప్పి రాకుండా ముందే ఆపే మాత్రలతో నేనూ తేరుకున్నాను. అయితే అదే చీటీతో మూడేళ్ళు షాపులో కొనుక్కుని మింగాను. పక్కింటి పెద్దమ్మ వంటింట్లో జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాకే నా ఎముకలు గుర్తొచ్చి డాక్టరు దగ్గరికి పోయాను.

ఈ మాత్రలన్నీ ఒకటి కావు. ప్రొప్రనొలాల్ వల్ల ఎముకలు గుల్లబారతాయన్న భయం లేదు, కానీ ఉబ్బసం ఉన్నవాళ్ళకు పనికిరాదు. టొపిరామేట్, వాల్‌ప్రోయేట్ మూర్ఛకు వాడే మందులు కూడా. ఏళ్ళ తరబడి వాడితే కొందరిలో ఎముకల గట్టిదనం తగ్గుతుంది. టొపిరామేట్ రక్తంలో ఆమ్లగుణం పెంచుతుంది, కిడ్నీలో రాళ్ళూ రావచ్చు. ఈ రెండూ కడుపులో బిడ్డకు చేటు చేస్తాయి. పిల్లలు కావాలనుకునేవాళ్ళు ముందే డాక్టరుకు చెప్పాలి.

రాళ్ళు రాకుండా నీళ్ళు బాగా తాగాలి. మరి మనం? మరుగుదొడ్డి దొరకదని పొలంలో, బస్సులో గొంతు తడుపుకోం. పైగా మన కరువు సీమలో చాలా పల్లెల బోరునీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. మించిన నీళ్ళు ఏళ్ళపాటు తాగితే పళ్ళకూ ఎముకలకూ ముప్పే. అందుకే ఎక్కువ తాగమన్నప్పుడు ఏ నీళ్ళో కూడా చూసుకోవాలి.

ఇక తిండి. ఆడవాళ్ళకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 ఉంటుంది. సంగటిని చిన్నచూపు చూసి అన్నానికే అలవాటుపడ్డది మనమే కదా! పాలు, పెరుగు పిల్లలకూ మగవాళ్ళకూ పెట్టి, మిగిలితే మనం. ఎండ మండుతున్నా ఇంటిపట్టున ఉండేవాళ్ళకు విటమిన్-డి చాలదు.

ఇదంతా విని మాత్ర మానేయకండమ్మా! ఉన్నట్టుండి ఆపితే నొప్పి తిరగబెట్టొచ్చు, వేరే ఇబ్బందులూ రావచ్చు. చీటీ తీసుకుని డాక్టరు దగ్గరికి పోండి. 'ఇంకెంతకాలం వాడాలి? నా ఎముకలకు దీనివల్ల ఇబ్బందుందా? రక్తపరీక్ష కావాలా?' అని అడగండి. నేను మూడేళ్ళు అడగలేదు. మీరు ఈ వారమే అడగండి.