కంచె చేను మేయరాదు

విదేశపు సరకు మన రేవున దిగునప్పుడు ప్రభుత్వము విధించు దిగుమతి సుంకమును గూర్చి మన వర్తకులలో రెండు పక్షములు కలవు. సుంకము లేకున్న సరకు చౌకయగునని ఒక పక్షము. ఎంత పెంచిన దేశమునకంత మేలని మరియొక పక్షము. రెండును అర్ధసత్యములే. సుంకము చేనికి కంచె వంటిది. నేడు నాటి రేపు పెరికెడు కంచె వలన ఫలమేమి?

1932లో చక్కెర పరిశ్రమ రక్షణ చట్టము వచ్చెను. రక్షణ ఎన్నేండ్లు నిలుచునో ముందే తెలియుటచే జనులు ధైర్యముతో పెట్టుబడి పెట్టిరి. ముప్పది చుట్టుప్రక్కల నున్న మిల్లులు నాలుగైదేండ్లలో నూరు దాటినవి. జావా చక్కెర మన అంగళ్ళనుండి తొలగెను.

నూనెల గతి వేరు. 1994లో పామాయిలు దిగుమతిని 65 శాతము సుంకముతో అనుమతించిరి. 1998 నాటికి దానిని 15 శాతమునకు దించిరి. నేడు దేశము వాడు వంటనూనెలో సగమునకు మించి పరదేశములనుండి వచ్చుచున్నది.

2024 సెప్టెంబరులో ముడి పామాయిలు, సోయా, ప్రొద్దుతిరుగుడు నూనెలపై మూల సుంకమును సున్న నుండి 20 శాతమునకు పెంచిరి. 2025 మే 28న వేరుసెనగ మద్దతు ధరను క్వింటాలుకు 480 రూపాయలు పెంచి 7,263 రూపాయలు చేసిరి. మే 30న, సరిగా విత్తు వేళకు, ఆ సుంకమును 10 శాతమునకు తగ్గించిరి. ధర పెంచిన ప్రభుత్వమే రెండు దినములలో దానిని దెబ్బకొట్టుట కంచె చేను మేసినట్లు కాదా?

వంటింటి ఖర్చు తగ్గుటకే ఇట్లు చేసితిమందురు. గృహిణి కష్టము నిజమే. పేదలకు చౌకగా నూనె ఇయ్యదలచిన చౌకడిపోలు కలవు. ఆ భారమును చళ్ళకెరె, పావగడ, బళ్ళారి మెట్టరైతు నెత్తిన మోపుట న్యాయము కాదు. రాత్రికి రాత్రి సుంకము మారిన బాగుపడువాడు సరకు నిలువచేయగల పెద్ద వర్తకుడే; వర్తకుడనైన నేనే ఈ మాట చెప్పుచున్నాను.

కావున సుంకమును విత్తుటకు ముందే ప్రకటించి, పంట అమ్ముడుపోవు వరకు మార్చరాదు. రక్షణకు గడువు నిర్ణయించి క్రమముగా తగ్గించవలెను. గడువు లేని రక్షణ మిల్లుదారుని సోమరిని చేయును. సుంకపు రాబడిలో కొంత మేలైన విత్తనములకు, నీటి వసతికి వెచ్చించవలెను.

ఇందు తెలుగు, కన్నడ భేదము లేదు. సంఘ సభ్యులెల్లరు తమ ఇరుగుపొరుగు రైతులతో కలిసి తమ పార్లమెంటు సభ్యునికి ఈ విషయము వ్రాయవలెనని నా మనవి.