వాట్ల పిచ్చి

మా బాన్సువాడలో పెళ్ళి కుదిరిందంటే ఒకప్పుడు "వంటవాడెవరు?" అని అడిగేవాళ్ళు. ఇప్పుడు "సౌండు ఎన్ని వాట్లు?" అని అడుగుతున్నారు. అడగండి, కాదనను. కానీ ఆ వాట్లను నడిపేదెవరో ఒక్కరూ అడగరేం?

నాకెందుకీ గొడవంటారా? బేస్ గిటార్ వాయించే మా చిన్నవాడు వాల్వుల ఆంప్లిఫయరు సొంతంగా కడతానని కూర్చున్నాడు. పాత రేడియోలో ఎర్రగా వెలిగే గాజు గొట్టాలు గుర్తున్నాయి కదూ, ఆ జాతివే. 1969లో అమెరికాలో ఆంపెగ్ కంపెనీ 300 వాట్ల బేస్ ఆంప్లిఫయరు తెచ్చింది. వీడికీ అంతే కావాలి! డబ్బంతా 6 పెద్ద వాల్వులకూ, ట్రాన్స్‌ఫార్మరుకూ లెక్క వేసుకున్నాడు. వాటిని నడిపే డ్రైవరు స్టేజికి మాత్రం "ఏదో ఒక చిన్న వాల్వు చాల్లే అమ్మా" అన్నాడు.

అక్కడే నాకు ఒళ్ళు మండింది.

నిజాంసాగర్ నీళ్ళతో పండిన అన్నం తిన్నవాళ్ళం. జలాశయం నిండితే సరిపోతుందా? తూము తలుపు ఎత్తే చెయ్యి గట్టిగా ఉండొద్దూ? ఇక్కడా అంతే. పవర్ సప్లై జలాశయం, పెద్ద వాల్వులోని గ్రిడ్ తలుపు, డ్రైవరు ఆ తలుపెత్తే చెయ్యి. మెల్లగా వాయించినంతసేపూ గ్రిడ్ పెద్దగా ఏమీ అడగదు. గట్టిగా మీటగానే తానూ కరెంటు లాగడం మొదలుపెడుతుంది. బలంలేని డ్రైవరు అప్పుడు చేతులెత్తేస్తుంది. మధ్యనున్న కెపాసిటరు చార్జి పట్టి కూర్చుంటుంది. అది దిగేదాకా వాల్వు మూగపోతుంది. పెద్ద దెబ్బ వెనక వచ్చే చిన్న స్వరం మాయం! మిగిలేది గరగర.

అందుకే తెలిసినవాళ్ళు కాథోడ్ ఫాలోవర్ అనే ఏర్పాటును నేరుగా గ్రిడ్లకు కలుపుతారు. ఆంపెగ్ వాళ్ళు చేసిందీ అదే. అది వోల్టేజి పెంచదు. వచ్చినదాన్ని ఇంచుమించు అలాగే అందిస్తుంది, బరువు మాత్రం తాను మోస్తుంది. "పెంచనిదానికి ఖర్చెందుకు?" అంటాడు మావాడు. జీతం తేని అమ్మ ఇంట్లో ఎందుకన్నట్టు లేదూ!

బేస్‌కు వాట్లు ఎక్కువే కావాలి, నిజమే. ఆ గిటారు అడుగు తీగ సెకనుకు సుమారు 41 సార్లే కంపిస్తుంది. అంత మంద్రాన్ని మన చెవి సులువుగా పట్టుకోదు. కానీ వాట్లు రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి మోత రెట్టింపనిపించాలంటే సుమారు 10 రెట్ల వాట్లు పోయాలి. మరి 6 వాల్వుల బదులు 4 పెట్టి, 200 వాట్లతో సరిపెట్టుకుంటే తగ్గేది 2 డెసిబెల్స్ లోపే. మిగిలిన డబ్బు డ్రైవరుకు పెట్టు నాయనా, ప్రతి స్వరమూ తేటగా పలుకుతుంది అన్నాను. ఇంకో మాటా చెప్పాను: ఆ పెట్టెలో వందల వోల్టులుంటాయి, స్విచ్చు ఆపేసినా కెపాసిటర్లలో నిలిచే ఉంటాయి. పని తెలిసినవాళ్ళు పక్కన లేకుండా మూత తీశావో, అన్నం పెట్టను!

వాల్వులైనా, ట్రాన్సిస్టర్లయినా న్యాయం ఒకటే. రేపు మీ ఇంటి పెళ్ళికి సౌండు పెట్టేవాడొచ్చి వేల వాట్లు వల్లిస్తే బెదిరిపోకండి. "పూర్తి మోతలో ఒక్క పాట తేటగా వినిపించు బాబూ" అనండి. గిన్నెలు అదిరితే సంగీతమని ఎవరన్నారు?